మా ఇంటి వేన్నీళ్ళ వరస

గరాచర్మలో మా అబ్బాయి కట్టుకున్న కొత్త ఇంటికి మొన్న గీజరు బిగించే మనిషి వచ్చాడు. గీజరు అంతకు చాలా ముందే బయల్దేరింది గానీ, మా పిన్‌కోడ్ చూశాక కంపెనీవాళ్ళకు మధ్యలో సముద్రం ఉన్న సంగతి గుర్తొచ్చినట్టుంది. చెన్నైలో కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుని, ఓడెక్కి, తీరిగ్గా తీరం చేరింది. పెట్టె మీద ‘ఇన్‌స్టలేషన్ ఫ్రీ’ అని పెద్ద అక్షరాలున్నాయి. ఫ్రీ అంటే ఏమిటో వచ్చినాయన చాలా మర్యాదగా విడమరిచాడు. ఆయన మా గుమ్మం దాకా నడిచి రావడం ఫ్రీ. గోడకు వేసే బోల్టులు, నీళ్ళొచ్చే పైపు, నీళ్ళు పోయే పైపు, మధ్యలో వాల్వు, లావు వైరు, ఆ వైరుకు తగ్గ స్విచ్చి, ఆ స్విచ్చికి తగ్గ పెట్టె, ఇవన్నీ విడివిడిగా. అన్నీ కొన్నాక గీజరు ధరనూ దాన్ని బిగించిన ధరనూ పక్కపక్కన నిలబెడితే కవలపిల్లల్లా ఉన్నాయి. ఆ మీదట ఆయన నన్ను చూసి, “ఆంటీ, లోడ్ కిత్నా హై?” అని అడిగాడు. అడిగింది నా బరువు కాదనీ, ఇంటి కరెంటు మోయగల బరువనీ తెలిశాక నాకు కాస్త ధైర్యం వచ్చింది. నేను బళ్ళో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. ఈ దీవుల్లో తెలుగు టీచరంటే, పిల్లలు హిందీలో ఆలోచించి, తెలుగులో మాట్లాడి, ఇంగ్లీషులో ఫెయిలవుతుంటే చూస్తూ కూర్చునే ఉద్యోగం. కరెంటు విషయంలో నా పరిజ్ఞానం చిన్నప్పుడు షాకు కొట్టడంతో మొదలై అక్కడితోనే ఆగింది.

అయినా గీజరు బిగించడానికి ఏమేం కావాలో ఈ ఇంట్లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మా అబ్బాయి ఫోనులో చదివి తెలుసుకున్నాడు, నేను కళ్ళారా చూశాను. నా చిన్నతనంలో మా ఇంట్లో గీజరు బిగించడానికి ఒక గోడ, ఆ గోడ కోసం ఒక ఓడ, ఒక గొయ్యి, ఒక ఇంజనీరు కావలసివచ్చాయి. ఇంజనీరును వస్తువుల్లో కలిపేశానని తెలుగు టీచరుగా నాకు తెలుసు. ఆయనను ఆ రోజు మా ఇంట్లో వాడిన తీరు అలాంటిది.

మా ఇల్లు జంగ్లీఘాట్‌లో, రేవుకు పోయే సందులో ఉండేది. కర్ర గోడలు, రేకుల కప్పు. వాన మొదలైతే ఆ రేకుల కింద ఇద్దరు మామూలుగా మాట్లాడుకున్నా పోట్లాడుకున్నట్టే వినిపించేది, అందువల్ల నిజంగా పోట్లాడుకున్నప్పుడు ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. పెరట్లో నాయనమ్మ పొట్టు పొయ్యి. చాతం రంపపు మిల్లు నుంచి గోనెల్లో పొట్టు వచ్చేది. పెద్ద నూనె డబ్బా అడుగున పక్కకు ఒక కన్నం చేసి, డబ్బా నడుమ రోకలి నిలబెట్టి, చుట్టూ పొట్టు పోసి గట్టిగా కూరి, రోకలిని మెల్లగా పైకి లాగేసేది నాయనమ్మ. రోకలి ఉన్నచోట గొట్టంలాగా దారి మిగిలేది. కింద కన్నంలోంచి అంటిస్తే మంట పైకి కనపడకుండా, లోపల్లోపలే ఎర్రగా రాజుకుంటూ పూటంతా కాలేది. నాయనమ్మ కోపం కూడా అచ్చం అదే పద్ధతిలో పనిచేసేది. పడాక్ చెక్క పొట్టయితే ఎర్రగా ఉండి, తడి తగిలినచోటల్లా చేతులకు రంగంటేది. ఆ పొగ వాసన మా జడల్లో, లంగాల్లో, పుస్తకాల్లో ఉండేది. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల ఒకరోజు నన్ను వాసన చూసి, మీ ఇంట్లో రోజూ హోమం చేస్తారా అని అడిగింది. చేస్తారనే చెప్పాను.

పొయ్యి మీద రాగి కాగు. కోడి కూసేసరికి అందులో నీళ్ళు పొగలు కక్కుతుండేవి, పెరటి తలుపు అవతల బకెట్లు వరస కట్టి ఉండేవి. ఎండలు మాడ్చే దీవిలో వేన్నీళ్ళెవరికని మెయిన్‌లాండ్ నుంచి వచ్చినవాళ్ళు నవ్వేవారు. రాత్రంతా వానలో చేపల వేట చేసి, ఉప్పుకు ఒళ్ళు బిగుసుకుపోయి, తెల్లారి రేవులో దిగిన మనిషిని అడిగితే చెబుతాడు వేన్నీళ్ళెందుకో. సందులో ఎప్పుడూ ఎవరో ఒక బాలింత ఉండేది, ఆమె నడుం మీద పోయడానికి కావాలి. సముద్రపు జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే ఆ సలుపు పెద్ద పెద్ద మగాళ్ళను కూడా ఏడిపిస్తుంది, తట్టుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి ముంచి ఉంచితే తప్ప దిగదు. మాకు కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది, అదీ వచ్చానని చెప్పి పోవడానికన్నట్టు. అందుకని నాయనమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. ఎంత వేడినీళ్ళు పట్టుకెళితే అంత చన్నీళ్ళు తెచ్చి కాగులో పోసి మరీ పట్టుకెళ్ళాలి. బావి నుంచో, బోరింగు నుంచో, ఎక్కడి నుంచో తెచ్చేవారు. కాగు ఎప్పుడూ తరిగేది కాదు. సందులో వాళ్ళంతా శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు ఊళ్ళ నుంచి మా తాత వెనకాలే ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఎవరికెవరు ఏమవుతారో నాయనమ్మ పిడతతో నీళ్ళు తోడుతూనే చెప్పేసేది, కొందరికి వాళ్ళ నాన్న పేరు కన్నా ముందే ఆ సంగతి తెలిసేది.

మా నాన్న వల వదిలేసి కాంట్రాక్టులు పట్టాడు. చేపలు పట్టడానికి ఓపికుంటే చాలు, కాంట్రాక్టులు పట్టడానికి ఓపికతో పాటు ఇస్త్రీ చొక్కా కూడా కావాలి. కాలవలు, కల్వర్టులు, ఆఫీసు గోడలకు సున్నాలు, ఇలాంటివి. నాలుగు పనులు దొరికాక ఇంటి ముందువైపు కర్ర గోడలు తీయించి సిమెంటు హాలు కట్టించాడు. వెనకాల మిగిలిన ఇల్లంతా కర్రే. ముందు నుంచి చూస్తే కాంట్రాక్టరు ఇల్లు, వెనక నుంచి చూస్తే జాలరి ఇల్లు. మేం మధ్యలో ఉండేవాళ్ళం.

ఒకరోజు పొద్దున్నే, నాన్న పనులు తనిఖీ చేసే ఇంజనీరు సాబ్ మా ఇంటికి వచ్చాడు. ఢిల్లీ వైపు మనిషి, కొత్తగా బదిలీ మీద దిగాడు. హాల్లో కూర్చుని టీ తాగుతూ కిటికీలోంచి పెరట్లో బకెట్లతో నిలబడ్డవాళ్ళ వరసను చూశాడు. వాళ్ళంతా ఎవరని హిందీలో అడిగాడు. నాన్న కాసేపు నీళ్ళు నమిలాడు. పెరట్లోవే అయుంటాయి, బాగా వేడిగా ఉన్నట్టు మింగలేకపోయాడు. చివరికి, “మజ్దూర్ లోగ్ హై, సాబ్” అన్నాడు. కూలివాళ్ళు. వరసలో అందరికన్నా ముందు నిలబడి ఉన్నది సింహాచలం మావ. నాయనమ్మ సొంత అన్న కొడుకు. నాన్న, ఆయన ఒకే పడవ అంచు పట్టుకుని ఈత నేర్చినవాళ్ళు. కిటికీకి ఊచలే గానీ అద్దాల్లేవు కాబట్టి మాట బయటికి వినపడింది. మావ బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. నాయనమ్మకు హిందీలో రానివి చాలా ఉన్నాయి గానీ, ఆ మాట వచ్చు.

ఆ సాయంత్రమే నాన్న గీజరు ప్రస్తావన తెచ్చాడు. పొట్టు పొయ్యి ప్రమాదమన్నాడు, వెనకంతా కర్ర ఇల్లు కదా అన్నాడు, అమ్మకు పొగతో కళ్ళు పాడవుతున్నాయన్నాడు. ఇందులో ఏదీ అబద్ధం కాదు. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, తన కళ్ళు ఇన్నేళ్ళకు కనపడినందుకు సంతోషమంది.

నాయనమ్మ ఒక్కటే అడిగింది. “మరి మనోళ్ళు నీళ్ళకి ఎక్కడికెల్తారు?”

“ఎవరింట్లో వాళ్ళు కాచుకుంటారమ్మా. మనమేమన్నా సత్రం పెట్టామా?”

“సర్లే. నీ ఇల్లు” అంది నాయనమ్మ. ఆ ‘నీ’ అనే అక్షరాన్ని ఆవిడ పలికిన తీరు ఇంకెవరైనా అయితే విని ఆగిపోయేవారు. నాన్నకు అప్పటికే ఆనందంతో చెవులు మూసుకుపోయాయి.

అప్పుడు మొదలయ్యాయి గీజరు గారి కోరికలు. కొనకముందే కోరడం మొదలుపెట్టింది. ముందుగా వచ్చిన మిస్త్రీ గోడను వేలితో తట్టి చూసి, ఈ చెక్క మీద దాన్ని వేలాడదీస్తే ఏదో ఒకరోజు స్నానం చేసేవాడి నెత్తిన పడుతుందని చెప్పాడు. అంటే ఇటుక గోడ కావాలి. ఇటుకలూ సిమెంటూ ఓడ మీద రావాలి, ఓడ వాన మీద ఆధారపడుతుంది. గోడ ఖాయమయ్యాక నీళ్ళు గీజరులోకి వాటంతటవి ఎక్కవని తేలింది. మిద్దె మీద ట్యాంకు కావాలి, మాకు మిద్దె లేదు, కాబట్టి ట్యాంకుకు దిమ్మె కావాలి. దిమ్మె మీదికి నీళ్ళెక్కడానికి మోటారు. మోటారు, గీజరు ఒకేసారి వేస్తే సందంతా చీకటవుతుంది, ఇంటికి రాసిచ్చిన కరెంటు చాలదు, ఎక్కువ కావాలని ఆఫీసులో అర్జీ పెట్టుకోవాలి. మీటరు నుంచి లావు వైరు. నాన్న రోజూ సాయంత్రం ఒక కొత్త వస్తువు పేరు నేర్చుకుని ఇంటికి వచ్చేవాడు. మధ్యలో ఒకసారి అలిసిపోయి, ఈ డబ్బుతో వేన్నీళ్ళు ఊరే బుగ్గ పక్కన ఇంకో ఇల్లే కొనొచ్చునేమో అన్నాడు. అమ్మ విననట్టు ఊరుకుంది, విన్నట్టు ఉంటే ఆయన వెనక్కి తగ్గేవాడేమో.

అన్నిటికన్నా నాయనమ్మకు నచ్చింది ఎర్తింగు. షాకు కొట్టకుండా ఉండటానికి ఇంటి పక్కన గొయ్యి తవ్వి, అందులో రాగి రేకు దించి, బొగ్గులూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి పూడ్చాలని మిస్త్రీ చెప్పాడు. సముద్రం ఉప్పూ, పొయ్యి బొగ్గూ వదిలించుకోవడానికి ఇంత తిప్పలు పడుతున్న మా నాన్న, బజారుకు వెళ్ళి ఆ రెండే కొనుక్కొచ్చాడు. గొయ్యి అంచున నిలబడి నాయనమ్మ చాలాసేపు చూసింది. మా వాళ్ళలో ఉప్పూ బొగ్గూ కలిపి గోతిలో పాతితే దానికి ఒకటే అర్థం, ఎవరికో చెడుపు చేస్తున్నారని.

“సిల్లంగి ఎవులికి పెడతన్నావురా?” అని అడిగింది నెమ్మదిగా.

“కరెంటుకమ్మా” అన్నాడు నాన్న.

“అదేటి సేసింది పాపం” అనేసి లోపలికి వెళ్ళిపోయింది.

గీజరు విశాఖపట్నం నుంచి ఓడ మీద వచ్చింది. రేవు నుంచి ఇంటికి ఎలా తేవాలన్న ప్రశ్నే రాలేదు. సింహాచలం మావ, ఇంకో ముగ్గురు దాన్ని వెదురుబొంగుకు కట్టి, పెద్ద చేపను మోసినట్టు భుజాల మీద మోసుకొచ్చారు. తమ నీళ్ళు ఆపడానికి వచ్చినదాన్ని వాళ్ళే మోసుకురావడం అప్పుడు నాకు వింతగా తోచలేదు, బరువైంది ఏదొచ్చినా మోసేది వాళ్ళే కదా. నాయనమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఇటుక గోడ సరిగ్గా పొట్టు పొయ్యి ఉన్నచోటే లేచింది. కాగు అటక ఎక్కింది. పెరటి తలుపుకు నాన్న లోపలి నుంచి గడియ వేశాడు. మర్నాడు పొద్దున తలుపు అవతల బకెట్ల చప్పుడైంది, కాసేపటికి ఆగిపోయింది. నాయనమ్మ మంచం మీదే లేచి కూర్చుని ఆ చప్పుడు విన్నది. లేచి చేసే పని ఆవిడకు లేకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు బడికి జడ వేస్తానని పిలిచింది. అమ్మ అప్పటికే వేసేసింది. విప్పి మళ్ళీ వేసింది.

గీజరులో మొదటి స్నానం ఇంట్లో ఎవరూ చేయకూడదని నాన్న పట్టు. ఇంజనీరు సాబ్ కాలవ పని చూడటానికి వచ్చి వానలో తడిసినప్పుడు, క్వార్టర్సులో ఆయనకు నీళ్ళు రాని రోజు చూసుకుని, మరీ మరీ బతిమాలి ఇంటికి తీసుకొచ్చాడు. కొత్త టవలు, కొత్త సబ్బు, కొత్త మగ్గు. స్విచ్చి వేయగానే హాల్లో బల్బు కళ్ళు మూతలు పడుతున్నదానిలా అయిపోయింది. ఎర్ర దీపం వెలిగి ఆరేదాకా నాన్న దాని ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సాబ్ బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నీళ్ళ చప్పుడు వినపడింది. మా నాన్న ముఖం అంత వెలగడం నేను అంతకు ముందు చూడలేదు. బల్బులో తగ్గిన వెలుగంతా అక్కడికే చేరినట్టుంది.

అప్పుడు ముందు తలుపు దగ్గర మనుషుల అలికిడి. సింహాచలం మావను ఇద్దరు రెక్కలు పట్టుకుని తెచ్చారు. వల దులుపుతుంటే జెల్ల ముల్లు అరచేతిలో దిగింది. చెయ్యి ఉబ్బిపోయింది, పళ్ళు కరుచుకున్నాడు, కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారుతున్నాయి. అలవాటుగా పెరటివైపు వెళ్ళారట, గడియ పడి ఉండటం చూసి చుట్టూ తిరిగి వచ్చారు. మెరిసే గచ్చు మీద కాలు పెట్టడానికి భయపడి గుమ్మంలోనే ఆగారు. నాన్న కంగారుగా అమ్మను కిరసనాయిలు స్టవ్ వెలిగించమన్నాడు. అది నీళ్ళు కాచేసరికి మావ అలా నిలబడలేడని అందరికీ తెలుసు. నాయనమ్మ మావ భుజం పట్టుకుని, గచ్చు మీది నుంచి నడిపించుకుంటూ తీసుకెళ్ళి, బాత్రూము తలుపు కొట్టింది.

“సాబూ, దర్వాజా ఖోలో. పిల్లడు సచ్చిపోతన్నాడు.”

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. తలుపు కొంచెం తెరుచుకుంది. సాబ్ నడుముకు టవలు, తల నిండా నురుగ, ఒక కన్ను మూసుకుని ఉన్నాడు. నాయనమ్మ ఇంకేమీ అడగలేదు. మావతో సహా లోపలికి వెళ్ళింది. ఇద్దరు పట్టే బాత్రూములో ముగ్గురు. పొగలు వస్తున్న బకెట్లో మావ చెయ్యి పెట్టించి పట్టుకుని కూర్చుంది. నీళ్ళు చల్లారుతుంటే “గరం, ఔర్ గరం” అంటూ కుళాయి వైపు చూపించింది. సాబ్‌కు విషయం అర్థమైంది. ఆయనే కుళాయి తిప్పుతూ, కొత్త మగ్గుతో పోస్తూ నిలబడ్డాడు, నురుగ చెవుల మీదుగా జారుతుండగా. కాసేపటికి కుళాయిలో వేడి అయిపోయింది. మావ దవడలు వదులయ్యాయి. ఇంతసేపూ నీళ్ళు పోసిందెవరో అప్పుడు చూసి లేవబోయాడు. సాబ్ కూర్చోమన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ నాన్నను చూసి, ఈయన ఎవరని అడిగాడు.

నాన్న నోరు తెరిచేలోపే మావ చెప్పేశాడు. “మజ్దూర్ హూఁ, సాబ్.”

కోపంగా అనలేదు. సాయం చేయడానికి అన్నాడు. నాన్నకు కష్టం కలగకుండా, నాన్న మాట నిలబెట్టడానికి. గోడలు కట్టీ కట్టించీ బతికే మా నాన్న కొత్త గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. హిందీలో ఆయనకు టెండరు మాటలన్నీ వచ్చు, ఈ మాటొక్కటి దొరకలేదు.

“నహీ సాబ్” అన్నాడు చివరికి. “యే... మేరా బావ హై.”

సాబ్‌కు బావ అంటే తెలియదు. వివరం అడగలేదు కూడా. తల ఊపి, తన తల కడుక్కోవడానికి నీళ్ళు కావాలని మర్యాదగా అడిగాడు. డ్రమ్ములో చన్నీళ్ళు తప్ప ఏమీ లేవు. వానకు తడిసి వచ్చిన మనిషి, వేన్నీళ్ళ స్నానానికి పిలిచిన ఇంట్లో, వణుకుతూ చన్నీళ్ళు పోసుకుని వెళ్ళాడు.

ఇప్పుడు మా గరాచర్మ ఇంట్లో మూడు బాత్రూములకు మూడు గీజర్లు. స్విచ్చి వేసి పళ్ళు తోముకునేలోగా నీళ్ళు కాగుతాయి, పొగ లేదు, నా కళ్ళు బాగున్నాయి. పొట్టు పొయ్యి మళ్ళీ కావాలని నేను అనను, కూరడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవు. కానీ పక్కింటివాళ్ళ అమ్మాయి పురిటికి వచ్చిందని నాకు తెలిసింది, వాళ్ళు బిడ్డ ఫొటో పెట్టాక ఫోనులో. నేనొక బొమ్మ నొక్కి సంతోషం తెలియజేశాను. మా గేటుకూ వాళ్ళ గేటుకూ మధ్య ఒక బకెట్టు మోసేంత దూరం కూడా లేదు. వాళ్ళకూ మూడు గీజర్లే అనుకుంటాను. మాకెవరితోనూ పనిలేకపోవడానికి ఎంత ఖర్చవుతుందో ఆ పెట్టె మీద రాయలేదు.

సాబ్ చన్నీళ్ళు పోసుకుని వెళ్ళిన మర్నాడు, తెల్లవారకముందే నాయనమ్మ లేచి, పెరటి తలుపు జోలికి పోకుండా, ముందు తలుపు బార్లా తెరిచింది. సందులోకి కబురు ముందు రోజే వెళ్ళింది. బకెట్లు వరస కట్టాయి. ఒక్కొక్కరూ చన్నీళ్ళ బకెట్టుతో హాల్లోంచి వచ్చి, బాత్రూము డ్రమ్ములో కుమ్మరించి, గీజరు కుళాయి కింద వేన్నీళ్ళు పట్టుకుని, మళ్ళీ హాల్లోంచే వెళ్ళారు. పాత కట్టుబాటే, దారి మారింది. గచ్చు మీద పోనూ రానూ రెండు తడి బాటలు పడ్డాయి. గీజరు ఇద్దరికి ఇచ్చి అలిసిపోయేది, మూడో మనిషి అది కోలుకునేదాకా నాన్న కొత్త సోఫాలో కూర్చునేవాడు. వేట నుంచి వచ్చిన మనిషి, లుంగీతో. నాన్న లోపలిగదిలోంచి బయటికి రాకుండా కొన్నాళ్ళు గడిపాడు. తర్వాత కరెంటు బిల్లొచ్చింది. ఇక లాభం లేదని, పెరట్లో ఇటుక గోడకు ఇవతల, పైన రేకు వేయించి, పాతదానికన్నా పెద్ద పొట్టు పొయ్యి తనే దగ్గరుండి పెట్టించాడు. కాగు దింపించాడు. చాతం నుంచి గోనెలు తెప్పించాడు. పెరటి తలుపు గడియ పీకించేసి, నాయనమ్మ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“అంతా చేయించేశానమ్మా. రేపట్నించి ఎప్పట్లా పెరట్లోంచి రమ్మను.”

నాయనమ్మ పొయ్యి చుట్టూ తిరిగి చూసింది. రేకును తట్టింది. డబ్బా కన్నంలో వేలు పెట్టి చూసింది. బాగుందని ఒప్పుకుంది.

“పొయ్యి ఎనకాలే ఉండనీ” అంది. “మనుసులు ముందునించే వస్తారు.”

నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ మా వేన్నీళ్ళు పెరట్లో కాగాయి, మా వాళ్ళు ముందు గుమ్మంలోంచి వచ్చారు. తెల్లారుజామున అందరికన్నా ముందు లేచి, బకెట్లు తగలకుండా సోఫాను గోడవైపు జరిపేది మా నాన్నే.